పాలముంత ముసలమ్మ తెలుగులో ఎలా మాట్లాడాలి?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

మధ్యయుగాల ఐరోపాలో చర్చి ప్రసంగాల కోసం లాటిన్‌లో రాసిపెట్టుకున్న నీతికథలను తెలుగులోకి తేవడం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు. చోటు చాలక ప్రశ్నలను కుదించాం.

ప్రశ్న (సీతమ్మధార నుంచి): ‘గెస్తా రొమానోరుమ్’ అనే లాటిన్ నీతికథల సంపుటం ఇంగ్లీషులో చదివాను. కథ బాగానే సాగుతుంది, చివరికొచ్చేసరికి ‘రాజంటే దేవుడు, కూతురంటే ఆత్మ’ అంటూ ఒక విడమరుపు. విసుగొచ్చింది. తెలుగులో అది తీసేసి కథ ఒక్కటే వేసుకుంటే తప్పా?

జవాబు: తప్పే. ఇవి ఒంటరిగా కూర్చుని చదువుకోవడానికి రాసిన కథలు కావు. పదమూడో శతాబ్దంలో ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసిన ఫ్రాన్సిస్కన్, డొమినికన్ సన్యాసులకు జనం కునికిపాట్లు పడకుండా చూడటానికి కథలు కావలసి వచ్చాయి. అలాంటి కథను లాటిన్‌లో ‘ఎక్సెంప్లుమ్’ అన్నారు. నిఘంటువు చూస్తే దృష్టాంతం అని ఉంటుంది. మన చెవికి తెలిసిన మాట కావాలంటే పిట్టకథ. హరికథలో దాసుగారు అసలు కథ ఆపి పిట్టకథ ఎత్తుకుంటారు, నవ్విస్తారు, ఆ నవ్వు ఆగకముందే దాన్ని అసలు కథకు ముడిపెడతారు. ఆ ముడే మీరు తీసేద్దామంటున్న భాగం. లాటిన్‌లో దాని పేరు ‘మొరాలిజాత్సియో’. ముడి వెయ్యకుండా దాసుగారు గజ్జెలు విప్పేస్తే సభ ఊరుకుంటుందా?

మొదటి కథే చూడండి. పొంపేయుస్ అనే చక్రవర్తికి ఒక్కతే కూతురు. ఆమెకు అయిదుగురు కాపలా, గుమ్మం దగ్గర ఆరని దీపం, మొరిగే కుక్క. అయినా ఒక దుష్ట ప్రభువు ఆమెను లేవదీసుకుపోతాడు. కథ అయ్యాక ప్రసంగకుడు జనం వైపు తిరిగి ‘కారిస్సిమీ’ అంటాడు, ‘ప్రియులారా’ అని. చక్రవర్తి పరలోకపు తండ్రి, కూతురు ఆత్మ, కాపలావాళ్లు పంచేంద్రియాలు, కుక్క అంతరాత్మ. కథలో కాపలావాళ్లు నలుగురో ఆరుగురో కాక అయిదుగురే ఎందుకయ్యారో ఇక్కడ తెలుస్తుంది. విడమరుపు తీసేస్తే అయిదు అనే అంకె గాల్లో వేలాడుతుంది.

విసుగు పుట్టించేది విడమరుపు కాదు, దాన్ని తెలుగు చేసే తీరు. ‘ఈ చక్రవర్తి పరలోకపు తండ్రి అయియున్నాడు’ అని రాస్తే ఎవరికైనా విసుగే. లాటిన్‌లో ‘ఎస్త్’ అనే క్రియ ఉందని తెలుగులో ‘అయి ఉన్నాడు’ పెట్టనక్కర్లేదు. ‘ఈ చక్రవర్తి పరలోకపు తండ్రి. కూతురు మన ఆత్మ.’ అంతే. క్రియ లేకుండా వాక్యం నిలబడటం తెలుగుకున్న సుఖం, వాడుకోండి. కథ భాగాన్ని ‘అన్నాడు, వెళ్లాడు’ అంటూ భూతకాలంలో నడిపి, ‘ప్రియులారా’ దగ్గర గొంతు మార్చండి. అచ్చులో రెంటికీ మధ్య ఒక వరుస ఖాళీ చాలు. తెలుగు అక్షరాలను వాల్చి వేస్తే చదవడం కష్టం.

ప్రశ్న (మధురవాడ నుంచి): పాలకుండ ఒలకబోసుకున్న ముసలమ్మ కథ లాటిన్‌లో ఉందని విన్నాను. అది మన సోమశర్మ కథే కదా? మరి తెలుగు చేసేటప్పుడు మన కథలాగే రాసేసుకోవచ్చా?

జవాబు: తాత ఒకడే, మనవలు వేరు. పంచతంత్రం ఆరో శతాబ్దంలో బుర్జోయ్ అనే పండితుడి చేతిలో పహ్లవీ (నాటి పారశీక) భాషకు వెళ్లింది. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దాన్ని ‘కలీలా వ దిమ్నా’ పేరుతో అరబీ చేశాడు. అక్కడినుంచి హీబ్రూ, హీబ్రూ నుంచి పదమూడో శతాబ్దం ద్వితీయార్ధంలో కపువా యోహాను చేతిలో లాటిన్. మీరు విన్న ముసలమ్మ మాత్రం ఈ పుస్తకంలోంచి రాలేదు. ఆమె జాక్ ద విత్రీ ప్రసంగాల్లో ఉంది. ఆయన 1216 నుంచి పాలస్తీనాలోని ఏకర్‌లో బిషప్పుగా ఉన్నాడు, 1240లో పోయాడు. కపువా యోహాను పుస్తకం అప్పటికి పుట్టలేదు. కథలు ఒక్క దారినే నడవవు.

దారిలో ఏం మారిందో చూడండి. మన దగ్గర బ్రాహ్మడు, పేలపిండి కుండ, మేకలు, ఆవులు, పెళ్లి, కొడుకు సోమశర్మ, చివర ఒక తన్ను. అరబీలో పేలపిండి పోయి తేనె, నెయ్యి వచ్చాయి, తన్ను పోయి కర్ర వచ్చింది. విత్రీ దగ్గర పాలు పట్టుకుని సంతకెళ్లే ముసలమ్మ. పాల డబ్బుతో కోడిపిల్లను కొంటుంది, అది పెట్టయి గుడ్లు పెడుతుంది, పిల్లలవుతాయి, అవి అమ్మి పంది, పందిని మేపి అమ్మి గుర్రప్పిల్ల. పెళ్లీ కొడుకూ లేవు, గుర్రపు స్వారీ ఉంది. మీరు మేకల్నీ సోమశర్మనూ తెచ్చిపెడితే పంచతంత్రం ఇంకోసారి రాసినట్టే, ఆ ముసలమ్మ కథ మాయమవుతుంది.

మాట మాటా చూద్దాం. క్రేన్ అనే పండితుడు 1890లో అచ్చువేసిన విత్రీ కథల సంపుటంలో ఇది 51వ కథ. ‘ఉర్కేయుస్ తెర్రేయుస్’ అంటే మట్టిపాత్ర. కడవ అంటే నీళ్లు, కుండ అంటే అన్నం గుర్తొస్తాయి. పాలకు ముంత నప్పుతుంది. లాటిన్‌లో ‘నెత్తిన’ అని లేదు, ‘పాత్రలో పాలు తీసుకుపోతూ’ అనే ఉంది. మన చెయ్యి అలవాటుగా ‘నెత్తిన పెట్టుకుని’ అని రాసేస్తుంది, చూసుకోండి. ‘ఫోరుమ్’ అంటే ఇక్కడ సంత, రోమునగరపు సభాస్థలి కాదు. ‘పుల్లుస్’ మన ‘పిల్ల’ లాంటి మాటే, కోడికీ గుర్రానికీ ఒకటే. లాటిన్ మొదలుపెట్టినవాళ్లు నిఘంటువులో కోడిపిల్ల అని చూసి, ముసలమ్మను కోడిపిల్ల మీద స్వారీ చేయించే ప్రమాదం ఉంది.

ఇక ఆఖరి ఘట్టం. ముసలమ్మ ఊహలోనే గుర్రమెక్కి ‘ఇయో! ఇయో!’ అని అదిలిస్తుంది. మడమలకు ‘కాల్కారియా’ ఉన్నట్టు కాళ్లాడిస్తుంది, ఆనందంతో చప్పట్లు చరుస్తుంది, పాత్ర పగులుతుంది. ‘కాల్కారియా’ అంటే రౌతు మడమకు కట్టుకుని గుర్రాన్ని పొడిచే ఇనప మొన. దానికి ఇవాళ వాడుకలో తెలుగు మాట లేదు. సంస్కృతంలోంచి ఒకటి తయారుచేసే బదులు ‘మడమలకు ములుకులు కట్టుకున్నట్టు’ అంటే సరిపోతుంది. ‘ఇయో’ను ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో వేస్తే మన పాఠకుడు ‘అయ్యో’ అని చదువుతాడు. ముంత పగలకముందే ఏడుపన్నమాట! జట్కావాడి ‘ఛల్’ ఉండగా భయమెందుకు?

“ఎక్కి కూచుని ఛల్! ఛల్! అంటా అనుకుంది. అనుకోవడంతో ఆగిందా? మడమలకు ములుకులు కట్టుకున్నట్టు కాళ్లాడించింది. సంబరం పట్టలేక చప్పట్లు చరిచింది. ఆ కాళ్ల ఊపుకీ చేతుల చరుపుకీ ముంత కాస్తా పగిలింది.”

ఇందులో ‘అనుకోవడంతో ఆగిందా?’ లాటిన్‌లో లేదు. ఊహలోంచి ఒంట్లోకి దిగే ఆ మలుపు లాటిన్‌లో ఒక్క క్రియ మార్పుతో తెలుస్తుంది, తెలుగులో ఒక చిన్న మాట సాయం కావాలనిపించి పెట్టాం. ఇంతకు మించి చేర్చితే అది అనువాదం కాదు. ముసలమ్మ చీర రంగు, ఎండ వేడి, సంతలో రద్దీ రాయాలని చెయ్యి దురద పెడుతుంది. మూలంలో అవి లేకపోవడానికి కారణముంది: అది ప్రసంగకుడి చేతిలోని చిట్టా. రంగులు అతను నోటితో అద్దుకుంటాడు.

ప్రశ్న (అనకాపల్లి నుంచి): నాకు లాటిన్ రాదు. ఇంగ్లీషు నుంచి చేస్తే ఏం పోతుంది?

జవాబు: ముందుగా చుట్టరికాలు పోతాయి. లాటిన్‌లో ‘అవుంకులుస్’ మేనమామ, ‘పత్రుఉస్’ తండ్రి అన్నదమ్ముడు, ‘అమిత’ మేనత్త, ‘మాతెర్తెర’ తల్లి అక్కచెల్లెలు. అచ్చంగా మన ఇళ్లలో లెక్కే. ఇంగ్లీషులో పడగానే నలుగురూ అంకుల్, ఆంటీ అయిపోతారు, అక్కడినుంచి తెలుగు చేసేవాడు మేనమామను బాబాయి చేస్తాడు. మధ్యయుగాల రాతలో ‘అవుంకులుస్’ను ఒక్కోసారి తండ్రి అన్నదమ్ముడికీ వాడారు కనుక కథలో మిగతా ఆనవాళ్లు కూడా చూసుకోవాలి. ‘నెపోస్’ అయితే మనవడూ కావచ్చు, మేనల్లుడో అన్న కొడుకో కూడా కావచ్చు. లాటిన్‌కు చేతకానిదీ ఒకటుంది: ‘సొరోర్’ అంటే అక్కా చెల్లెలా చెప్పదు. తెలుగులో ఏదో ఒకటి అనక తప్పదు. మొదట్లోనే తేల్చుకుని ఆ కథ అంతా దానికే కట్టుబడండి.

రెండోది ‘మిలెస్’. ప్రాచీన లాటిన్‌లో సిపాయి, ఈ కథలు రాసేనాటికి గుర్రమూ కవచమూ ఉన్న దొరతనపు యోధుడు. పొంపేయుస్ కూతురి కాపలావాళ్లను చార్లెస్ స్వాన్ 1824 నాటి ఇంగ్లీషు ‘సోల్జర్స్’ చేసింది. దాన్ని నమ్ముకుంటే మీ చేతిలో ‘సైనికులు’ అవుతారు. వీరుడంటే మరీ పొగడ్త. ‘రౌతు’ అనండి, గుర్రం దానంతటదే వస్తుంది.

మూడోది, ఎక్కువ మంది తడబడేది, పిలుపు. ఈ కథల్లో రాజు బిచ్చగాణ్నీ, బిచ్చగాడు రాజునూ ‘తూ’ అనే అంటారు. అది చూసి బంటు చేత రాజును ‘నువ్వు’ అనిపిస్తే తెలుగు చెవికి తిరుగుబాటులా వినిపిస్తుంది. కథ మొదలెట్టే ముందు ఒక కాగితం మీద ఎవరు ఎవర్ని ఏమంటారో రాసుకోండి. బంటు రౌతును ‘దొరా, తమరు’, రౌతు బంటును ‘ఒరే’ లేదా ‘నువ్వు’, భార్య భర్తను ‘మీరు’. ‘దొమినే’ (ప్రభూ) అని లాటిన్ భార్య పిలిచినచోట ‘ఏమండీ’ పెట్టాలనిపిస్తుంది. వద్దు, విశాఖ దొండపర్తిలో అద్దెకున్నట్టు ఉంటుంది. పిలుపు వదిలేసి ‘మీరు’ ఒక్కటే ఉంచండి. కాగితం లేకపోతే మొదటి పేరాలో ‘మీరు’ అన్న ఇల్లాలు మూడో పేరాకొచ్చేసరికి ‘నువ్వు’ అంటుంది. చేతిరాత ప్రతుల్లో మేం ఎక్కువగా దిద్దే తప్పు ఇదే.

నేర్చుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు. ఈ కథల లాటిన్ ప్రాచీన రోము వక్త సిసెరో లాటిన్ కాదు. వాక్యాలు పొట్టివి, ‘దీక్సిత్ క్వొద్’ అంటే మన ‘అని చెప్పాడు’. రోజుకు గంట చొప్పున ఏడాది కూర్చుంటే నిఘంటువు పక్కన పెట్టుకుని చదవొచ్చు. మామూలు ప్రాచీన లాటిన్ వ్యాకరణమే చదవండి, ఆపైన రాతలో తేడాలు గుర్తుపెట్టుకోండి: ‘మిహి’ని ‘మిచి’ అని, ‘నిహిల్’ను ‘నిచిల్’ అని రాస్తారు. ‘అఎ’ లాంటి జంట అచ్చును ఒట్టి ‘ఎ’ చేస్తారు. ‘త్సియ’ చోట ‘సియ’ కనిపిస్తుంది. నిఘంటువులో మాట దొరకలేదంటే సగం సార్లు కారణం ఇదే. మాట దొరికి అర్థం పొసగకపోతే మధ్యయుగపు నిఘంటువు చూడాలి. 1678లో మొదట అచ్చయిన డ్యూకాంజ్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

వాక్యం తెలుగు చేసే తీరుకు ఒక్క మచ్చు. ‘ఎరాత్ క్విదామ్ మిలెస్ క్వీ హబేబాత్ ఉక్సోరెమ్ పుల్క్రామ్’ లాంటి వాక్యంతో ఎన్నో కథలు మొదలవుతాయి. ‘ఎవడైతే అందమైన భార్యను కలిగియుండెనో అటువంటి ఒక రౌతు ఉండెను’ అని రాస్తే తొలి వాక్యంలోనే పాఠకుడు పుస్తకం మూస్తాడు. ‘ఒక రౌతు ఉండేవాడు. అతని భార్య అందగత్తె.’ రెండు ముక్కలు. ‘క్వీ’ కనిపించినచోటల్లా వాక్యం విరిచేయండి, నూటికి తొంభైసార్లు తెలుగు బాగుపడుతుంది.

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి): కథల్లో డబ్బును రూపాయల్లోకి మార్చాలా?

జవాబు: వద్దు. 12 దెనారీలు ఒక సోలిదుస్, 20 సోలిదుస్‌లు ఒక లీబ్ర. అంటే లీబ్రకు 240 దెనారీలు. దెనారియుస్ వెండిది కాబట్టి ‘వెండికాసు’, దానిలో సగం ‘ఒబోలుస్’ను ‘అరకాసు’ అంటే చాలు. అణా, దమ్మిడీ అన్నారంటే తెల్లదొరల కాలం వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్న (గాజువాక నుంచి): పసిబిడ్డను పాము నుంచి కాపాడి యజమాని చేతిలో చచ్చిన కుక్క కథ చదివాను. మనకు తెలిసింది ముంగిస. పిల్లలకు తెలిసేలా ముంగిస అని మార్చొచ్చా?

జవాబు: మార్చకండి, ఈ ఒక్క కథలో అసలే వద్దు. గెస్తాలో ఆ రౌతు పేరు ఫొల్లికులుస్. తొందరపడి కుక్కను నరికి, నిజం తెలిశాక తన బల్లేన్ని మూడు ముక్కలు చేసి పుణ్యభూమికి వెళ్లిపోతాడు. ఇదే కథను ఎతియెన్ ద బుర్బోన్ అనే డొమినికన్ వేరేగా రాశాడు. లియోన్ దగ్గరి పల్లెల్లో ఆడవాళ్లు జబ్బుపడ్డ పిల్లల్ని గినెఫోర్ అనే పునీతుడి దగ్గరికి తీసుకెళ్తున్నామని పాపసంకీర్తనంలో చెప్పారట. ఆరా తీస్తే ఆ పునీతుడు వేటకుక్క! యజమాని దాన్ని బావిలో వేసి, పైన రాళ్లు పోసి, చుట్టూ చెట్లు నాటించాడు. ఎతియెన్ ఆ కుక్క ఎముకలు తవ్వించి, తోపు కొట్టించి, రెండూ కలిపి తగలబెట్టించాడు. ముంగిసను పెడితే ఈ భాగమంతా అర్థం లేకుండా పోతుంది. ముంగిస సంగతి కథ కింద ఒక్క వాక్యంలో చెప్పండి, పిల్లలు తామే పోల్చుకుంటారు.

ప్రశ్న (మహారాణిపేట నుంచి): పూజ, ప్రార్థన, బాప్తిస్మం లాంటి మాటలకు ఏ సంఘం తెలుగు వాడాలి?

జవాబు: ఇవన్నీ సంఘాలు విడిపోకముందు కథలు, కాబట్టి కథోలికుల తెలుగు. రాస్ కొండ మీద మరియమాత గుడికి వెళ్లేవారినడిగితే చెబుతారు: జ్ఞానస్నానం, దివ్యబలిపూజ, పునీతుడు, గురువు. రెండు మాటల దగ్గర జాగ్రత్త. ‘గురువు’ అంటే బయటి పాఠకుడికి బడిపంతులు, అందుకని తొలిసారి ‘చర్చి గురువు’ అనండి. ‘పాపసంకీర్తనం’ విని అన్నమయ్య గుర్తొచ్చి పాపాల మీద పాట అనుకునేవాళ్లుంటారు (మేం పైన వాడేశాం, క్షమించాలి). తొలిసారి ‘గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం’ అని విప్పి, తర్వాత మాట వాడుకోండి. ‘ఉపమానం’ అనే మాట మాత్రం ఈ కథలకు పెట్టకండి, తెలుగు బైబిల్లో అది యేసు చెప్పిన కథలకు స్థిరపడిపోయింది.

ప్రశ్న (భీమిలి నుంచి): బుద్ధుడు క్రైస్తవ పునీతుడయ్యాడని ఎక్కడో చదివాను. నిజమేనా?

జవాబు: నిజమే, కథ రూపంలో. బోధిసత్త్వుడనే మాట అరబీలో బూదాసఫ్ అయింది. అరబీ లిపిలో ‘బ’కూ ‘య’కూ మధ్యలో ఉన్నప్పుడూ మొదట్లో ఉన్నప్పుడూ తేడా ఒక్క చుక్క, దాంతో యూదాసఫ్ అయింది. జార్జియన్, గ్రీకుల మీదుగా లాటిన్‌కు వచ్చేసరికి జొసఫాత్. లాటిన్ చేసింది 1048లో. ముసలితనాన్నీ రోగాన్నీ చావునూ చూసి రాజ్యం వదిలిన ఈ రాకుమారుడి పేరు రోమన్ పునీతుల పట్టికలో నవంబరు 27 కింద కూడా ఉండేది. తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు ఎక్కి వచ్చినవాళ్లకు కథ కొత్తగా ఉండదు.

అనువాదానికి ఇందులో ఒక చిక్కుంది. బావిలో వేలాడుతూ తేనెబొట్టు నాకే మనిషి కథ కూడా ఇందులోనే వస్తుంది. స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిందే. అక్కడ బావి గట్టున ఏనుగు, ఇక్కడ తరిమేది ఒంటికొమ్ము గుర్రం లాంటి జంతువు, వేరు కొరికే తెల్ల ఎలుక, నల్ల ఎలుక మాత్రం మారలేదు. చెయ్యి తిక్కన వైపు లాగుతుంది. లాగనివ్వకండి. ‘సంసార కూపం’ లాంటి మాట ఒక్కటి పడిందంటే చెప్పేవాడు ఆ రాకుమారుడికి బోధించిన సన్యాసి బర్లాము కాదు, విదురుడైపోతాడు.

ప్రశ్న (అక్కయ్యపాలెం నుంచి): కొన్ని కథల్లో ఆడవాళ్లనూ యూదులనూ తిట్టిపోశారు. మెత్తబరచవచ్చా?

జవాబు: పిల్లల పుస్తకమైతే ఆ కథ ఎంచుకోకండి. పెద్దలకైతే ఉన్నదున్నట్టు చేసి, ఆ మాట ముందుమాటలో చెప్పండి. చెప్పకుండా తిట్టును తగ్గించడం మాత్రం రెండువైపులా మోసం.

ప్రశ్న (గోపాలపట్నం నుంచి): పుస్తకం వేస్తే హక్కుల గొడవ ఉంటుందా?

జవాబు: లాటిన్ కథలకు లేదు. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది. గెస్తాకు ఓస్టర్లీ 1872లో బెర్లిన్‌లో వేసిన ప్రతి, విత్రీకి క్రేన్ ప్రతి నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండింటి స్కాన్లూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. స్కాన్ నుంచి తీసిన అక్షరాలను నమ్మకండి, ‘సి’ని ‘ఇ’గా, ‘ఆర్ ఎన్’ను ‘ఎమ్’గా చదివేస్తుంది, బొమ్మ పేజీతో పోల్చుకోండి. ఈ మధ్య వచ్చిన ఇంగ్లీషు అనువాదం నుంచి తెలుగు చేస్తే మాత్రం ఆ అనువాదకుడి అనుమతి రాతపూర్వకంగా కావాలి. గెస్తా మామూలు ప్రతిలో 181 కథలున్నాయి. అన్నీ ఒకేసారి ఎత్తుకోకండి, పది చేసి నలుగురికి పైకి చదివి వినిపించండి. నాలుక తడబడిన వాక్యాల కింద గీత గీసుకుని ఇంటికొచ్చి దిద్దుకోండి.